ఏడాది బీమా, ఇరవయ్యేళ్ల అప్పు, వందేళ్ల అడవి

ఇంటి అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. పేజీకి రెండేసి సంతకాలు. సగం దాకా వచ్చాక ఒకచోట చెయ్యి ఆగింది. అప్పు గడువు ఇరవయ్యేళ్లు. అది తీరేదాకా ఇంటికి బీమా ఉండి తీరాలని షరతు. పక్కనే జతచేసిన బీమా పాలసీ గడువు చూస్తే ఒక్క ఏడాది. "ఎనిమిదో ఏటో, పదో ఏటో బీమా కంపెనీ ఇక ఈ ఇంటికి పాలసీ ఇవ్వం అంటే ఏం చేయాలండీ?" అని అడిగాను. ఎదురుగా కూర్చున్న ఉద్యోగి మంచి మనిషి. కాసేపు ఆలోచించి, "అలా ఎప్పుడూ జరగలేదండీ. జరిగితే అప్పుడు చూద్దాం" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ఆయన ముందున్న ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఆ తర్వాత వాతావరణ మార్పు గురించి, బ్యాంకుల గురించి, అడవుల గురించి ఏం చదివినా అది చివరికి ఆ రెండు గడువుల మధ్య ఖాళీ దగ్గరికే వచ్చి ఆగుతోంది. నేను చెప్పదలుచుకున్నది ఇది. వాతావరణం చెడిపోవడం వల్ల, ప్రకృతి నశించడం వల్ల రాబోయే నష్టం ఆర్థిక వ్యవస్థకు కనబడుతూనే ఉంది. తన గడువు ముగిసేలోగా బయటపడిపోగలనన్న నమ్మకంతో అది ఊరుకుంటోంది. ఎవరైనా అలా బయటపడ్డ ప్రతిసారీ, నష్టం కాస్తా బయటపడలేని వాళ్ల మీదికి జరుగుతోంది.

"అలా ఎప్పుడూ జరగలేదు" అన్న మాట కాలిఫోర్నియాలో ఇప్పుడు ఎవరూ అనలేరు. 2023 మేలో, ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లకు బీమా ఇచ్చే స్టేట్ ఫార్మ్ సంస్థ కొత్త ఇళ్ల పాలసీలకు దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. కార్చిచ్చుల ముప్పు, పెరిగిన నిర్మాణ ఖర్చులు, రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలు తమ కోసం చేయించుకునే బీమా) భారం అని కారణాలు చెప్పింది. మరుసటి ఏడాది మార్చిలో, ఉన్న పాలసీల్లోనే దాదాపు 72,000 పాలసీలను గడువు తీరాక కొనసాగించబోమని ప్రకటించింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పక్కన పాలిసేడ్స్, ఈటన్ మంటలు వేల ఇళ్లను బూడిద చేశాయి.

ప్రైవేటు కంపెనీలు వదిలేసిన ఇళ్లకు అక్కడ చివరి దిక్కు ఫెయిర్ ప్లాన్. రాష్ట్రంలో వ్యాపారం చేసే బీమా కంపెనీలన్నీ కలిసి నడపాలని చట్టం పెట్టిన ఏర్పాటు అది. మంటల తర్వాత పరిహారాలకు డబ్బు చాలక, 2025 ఫిబ్రవరిలో అది సభ్య కంపెనీల నుంచి 100 కోట్ల డాలర్లు అడగాల్సి వచ్చింది. అందులో సగం దాకా కంపెనీలు తమ పాలసీదారుల నుంచి రాబట్టుకునే వీలుంది. అంటే కొండవాలు మీది ఇంటి ముప్పు నుంచి కంపెనీ తప్పుకుంది. ఆ ముప్పు చుట్టూ తిరిగి, మంటల వాసన కూడా తగలని చోట ఉండే ఎవరి ప్రీమియం బిల్లులోనో అదనపు వరుసగా తేలింది.

బీమాను మనం ఒక చిన్న ఖర్చుగా చూస్తాం గానీ, అప్పు నిలబడేది దాని మీదే. బీమా లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు. అప్పు పుట్టకపోతే ఇల్లు కొనే మనిషి దొరకడు. కొనేవాళ్లు లేని ఇంటి ధర పడిపోతుంది. అప్పటికే ఇచ్చిన అప్పులకు తాకట్టుగా ఉన్న పక్కిళ్ల విలువా దాంతోపాటే పడుతుంది. ఆస్తిపన్ను మీద నడిచే పురపాలక సంస్థ ఆదాయం తగ్గుతుంది. ఆ సంస్థ అప్పు తెచ్చుకోవడానికి అమ్మిన బాండ్లు ఎక్కడో ఎవరి పింఛను నిధిలోనో ఉంటాయి. ఒక కొండ మీద గడ్డి ఎండిపోవడానికీ, ఇంకో ఖండంలో ఒక టీచర్ పింఛనుకూ మధ్య ఉన్న దారి ఇంతే. 2025 మార్చిలో అలియాంజ్ బీమా సంస్థ బోర్డు సభ్యుడు గుంథర్ థాలింగర్ దాదాపు ఇదే రాశారు. బీమా దొరకని చోట ఇంటి అప్పూ దొరకదని, భూమి వేడి 3 డిగ్రీల దాకా పోతే బీమా చేయడం, అప్పు ఇవ్వడం అన్న పనులే సాగవని. ముప్పును లెక్కగట్టి ధర పెట్టడమే వృత్తిగా ఉన్న మనిషి ఆ మాట అన్నాడంటే నాకు నిజంగానే భయం వేసింది.

రీఇన్సూరెన్స్ సంస్థ స్విస్ రీ లెక్క ప్రకారం 2024లో ప్రకృతి విపత్తుల వల్ల ప్రపంచానికి జరిగిన నష్టం దాదాపు 31,800 కోట్ల డాలర్లు. బీమా భరించింది 13,700 కోట్లు. మిగిలిన దాన్ని కుటుంబాలు, చిన్న వ్యాపారాలు, ప్రభుత్వాలు మోశాయి. వాళ్లకు తప్పుకునే దారి లేదు.

ఇక్కడి దాకా ఆర్థిక ప్రపంచంలో చాలామంది ఒప్పుకుంటారు. వాతావరణ ముప్పు ఆర్థిక ముప్పేనని 2015 సెప్టెంబరులో లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్‌లో, బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అప్పటి గవర్నర్ మార్క్ కార్నీ గట్టిగా చెప్పి పదేళ్లయింది. నాకు కష్టం కలిగించేది ఆ తర్వాత జరిగినది. వాతావరణాన్ని ఒక ఫైల్లో పెట్టారు, ప్రకృతిని మరో ఫైల్లో పెట్టారు. మొదటి ఫైలుకు టన్నుల్లో కొలిచే కర్బనం దొరికింది. దాంతో పట్టికలు, లక్ష్యాలు, రేటింగులు వచ్చాయి. రెండో ఫైలుకు అలాంటి ఒకే కొలత లేదు. చిత్తడి నేలనూ తేనెటీగనూ పగడపు దిబ్బనూ ఒకే యూనిట్‌లో కూడలేం. కూడలేము కాబట్టి అది అడుగున పడిపోయింది.

నేల మీద మాత్రం ఆ రెండు ఫైళ్లూ ఒకటే. పనామా కాలువనే చూడండి. రెండు సముద్రాలను కలుపుతుంది గానీ అది నడిచేది మంచినీటితో. ఒక్కో ఓడ దాటడానికి దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీరు గాటూన్ సరస్సు నుంచి సముద్రంలోకి పోతుంది. మామూలుగా రోజుకు 36 ఓడలకు తగ్గకుండా దాటే ఆ కాలువలో, 2023లో ఎల్ నినో వచ్చి వానలు తగ్గాక, 2024 జనవరికి 24 ఓడలకే దారి ఇచ్చారు. కురిసిన వానను ఒడిసిపట్టి, సరస్సుకు మెల్లగా వదిలేది చుట్టూ ఉన్న అడవి. వాన తగ్గడం వాతావరణం ఫైలు, అడవి తగ్గడం ప్రకృతి ఫైలు. ఓడల కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకుకు మాత్రం రెండూ కలిసి ఒకే ఆలస్యం, ఒకే బకాయి.

అమెజాన్ అడవి ఇంకా పెద్ద పాఠం. అక్కడి చెట్లు వదిలే ఆవిరి గాలి వెంట వేల కిలోమీటర్లు పోయి, దక్షిణాన ఉన్న పొలాల మీద, జలవిద్యుత్ ఆనకట్టల మీద వానగా పడుతుంది. శాస్త్రవేత్తలు వాటిని ఎగిరే నదులంటారు. అడవి కొట్టి సోయా పండిస్తే, కొన్నాళ్లకు ఆ సోయాకు కావలసిన వానే తగ్గుతుంది. భూమి చదును చేయడానికి అప్పిచ్చిన బ్యాంకే, దక్షిణాన ఉన్న ఆనకట్టకూ అప్పిచ్చి ఉండవచ్చు. తన ఒక అప్పు తన మరో అప్పును ఎండగడుతోందన్న సంగతి ఆ బ్యాంకులో ఏ విభాగానికీ తెలియదు. ఒక్కో అప్పునూ విడిగా చూసి, విడిగా మార్కులు వేసి, విడిగా మంజూరు చేయడమే పద్ధతి.

ఈ ఆధారపడటం ఎంతుందో కొన్ని కేంద్ర బ్యాంకులు లెక్కకట్టే ప్రయత్నం చేశాయి. 2020లో డచ్ కేంద్ర బ్యాంకు చూస్తే, తమ ఆర్థిక సంస్థలు పెట్టిన పెట్టుబడుల్లో 51,000 కోట్ల యూరోలు ప్రకృతి ఇచ్చే ఏదో ఒక సేవ మీద బాగా ఆధారపడిన కంపెనీల్లో ఉన్నాయని తేలింది. పరిశీలించిన మొత్తంలో అది 36 శాతం. మరుసటి ఏడాది ఫ్రాన్స్ కేంద్ర బ్యాంకుకు 42 శాతం వచ్చింది. 2023లో యూరో ప్రాంతం మొత్తానికి యూరోపియన్ కేంద్ర బ్యాంకు లెక్క వేస్తే, కంపెనీలకు ఇచ్చిన బ్యాంకు రుణాల్లో దాదాపు 75 శాతం అలాంటి కంపెనీల దగ్గరే ఉన్నాయి. ఈ సంఖ్యలు చూపి రేపే బ్యాంకులు కూలిపోతాయని అనడం సరికాదు. ఇవి ఆధారాన్ని కొలుస్తాయి, నష్టాన్ని కొలవవు. నీరు, పరాగసంపర్కం, నేల సారం, వరద అడ్డుకట్ట లాంటివి ఆగిపోతే ఎవరికి దెబ్బ అన్నదే వీటి ప్రశ్న. కానీ ముప్పావు వంతు అప్పులు దేని మీద నిలబడ్డాయో తెలిసాక కూడా దాన్ని పక్క ఫైల్లో ఉంచడం నాకు అర్థం కాదు.

పైగా, ముందుగా జాబితా రాసుకుని కొలిచేవాటిలో మనకు తట్టనివి ఎన్నో ఉంటాయి. 1990ల్లో భారతదేశంలో రాబందులు ఒక్కసారిగా మాయమయ్యాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో గాని తెలియలేదు. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. కళేబరాలు కుళ్లి నీళ్లు పాడవడం, కుక్కలు పెరగడం, రేబిస్ పెరగడం ఈలోగా జరిగిపోయాయి. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2005 మధ్య దీనివల్ల దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయి. ఏటా 6,940 కోట్ల డాలర్ల నష్టమని వాళ్ల అంచనా. రాబందు ఏ కంపెనీ ఆస్తుల పట్టికలోనూ లేదు. దాని పనికి ఎవరూ కూలి ఇవ్వలేదు. అది లేకుండాపోయాకే దాని పని విలువ ఎంతో బయటపడింది.

ఈ కథలన్నిటిలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కెనడా తూర్పు తీరంలో ఆ చేపను దాదాపు ఐదు వందల ఏళ్లు పట్టారు. ఊళ్లకు ఊళ్లే దాని మీద పుట్టి పెరిగాయి. 1950ల నుంచి యూరప్ దేశాల భారీ ఫ్యాక్టరీ ఓడలు వచ్చి పడ్డాయి. 1968లో పట్టిన చేప 8 లక్షల టన్నులకు చేరి, ఆ తర్వాత పడిపోయింది. 1977లో కెనడా తన హక్కును తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా విస్తరించి, విదేశీ ఓడలను సాగనంపింది. అప్పుడైనా సముద్రానికి విరామం దొరకాల్సింది. దానికి బదులు సొంత ఓడలు, శుద్ధి కర్మాగారాలు పెరిగాయి. సబ్సిడీలు వచ్చాయి, అప్పులు వచ్చాయి. 1980ల ఆరంభానికే పెద్ద కంపెనీలు అప్పుల్లో మునిగిపోతే ప్రభుత్వం ఆదుకుని వాటిని నిలబెట్టింది. అప్పు తీరాలంటే ఇంకా ఎక్కువ చేపలు పట్టాలి. మంచి వలలు, చేపల గుంపులను కనిపెట్టే పరికరాలు ఉన్నాయి కనుక, సముద్రంలో చేప తగ్గుతున్నా పట్టుబడి తగ్గలేదు. చేప మిగిలిన చోటల్లా వెతికి పట్టారు. లెక్కల్లో అంతా బాగానే కనిపించింది.

1992 జులై 2న వేట నిషేధించారు. 30,000 మందికి పైగా జీవనాధారం పోయింది. రెండేళ్లలో తేరుకుంటుందనుకున్న చేప ముప్పై ఏళ్లకు కూడా పూర్వస్థితికి రాలేదు. 2024లో ఆ నిషేధం ఎత్తేసి, ఆ ఏడాదికి 18,000 టన్నులకు అనుమతి ఇచ్చారు. 8 లక్షలు ఎక్కడ, 18 వేలు ఎక్కడ. పని పోయినవాళ్ల కోసం కెనడా ప్రభుత్వం 1994లో మొదలుపెట్టిన ఒక్క పథకానికే 190 కోట్ల కెనడా డాలర్లు కేటాయించింది.

తన తాకట్టును తానే తినే అప్పు అంటే ఇదే. ఓడ కొనడానికి ఇచ్చిన అప్పుకు అసలు తాకట్టు ఓడ కాదు, సముద్రంలోని చేప. ఆ సంగతి పత్రంలో ఎక్కడా ఉండదు. అప్పు ఇవ్వడమే ఆ తాకట్టును కరిగిస్తుంది. బ్యాంకు మాట్లాడే ముప్పు ఎప్పుడూ బయటి నుంచి వచ్చి పడేదే. తుఫాను, కరువు, మంట. బ్యాంకు ఇచ్చిన డబ్బే ఆ ముప్పును తయారుచేస్తోందన్న సగం కథ వాళ్ల మాటల్లో రాదు. ఆ సగాన్ని వదిలేసిన ఏ చర్చా నాకు నిజాయితీగా అనిపించదు.

2022 మేలో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు పెట్టుబడుల విభాగంలో బాధ్యతాయుత పెట్టుబడుల అధిపతిగా ఉన్న స్టువర్ట్ కిర్క్ ఒక సదస్సులో మాట్లాడుతూ, తమలాంటి పెద్ద బ్యాంకులో సగటు అప్పు గడువు ఆరేళ్లేనని, ఏడో ఏట భూమికి ఏమైనా తమ అప్పుల పుస్తకానికి సంబంధం లేదని అన్నారు. పెద్ద గొడవైంది. చివరికి ఆయన ఉద్యోగం వదిలేశారు. ఆయన మీద కోపగించుకోవడం తేలిక. కానీ వ్యవస్థలో అందరూ మనసులో అనుకునేదాన్నే ఆయన పైకి అన్నారని నా నమ్మకం. అందుకే ఆ వాదనకు జవాబు చెప్పాలి.

ఒక్క అప్పుకు ఆరేళ్లే గడువు కావచ్చు. బ్యాంకు మాత్రం ఆరేళ్లకు మూతపడదు. ఈ అప్పు తీరేది, చాలాసార్లు, ఇంకో బ్యాంకు కొత్త అప్పు ఇవ్వడం వల్లే. ఆరో ఏట నేను బయటపడాలంటే, ఏడో ఏట ముప్పును నమ్మని మరొకరు నా చోటికి రావాలి. అందరూ అదే ఆరో ఏట బయటపడాలనుకుంటే కొనేవాళ్లు ఉండరు. 2008లో ఇంటి అప్పుల బాండ్లకు జరిగింది అదే. సమయానికి అమ్మేసి తప్పుకుంటామని ఎవరికి వాళ్లు అనుకున్నారు. వాటిని అమ్మబోయిన రోజున కొనేవాళ్లు దొరకలేదు. ఆర్థిక సంక్షోభంలో పడిపోయిన ధర ఏదో ఒకనాటికి లేస్తుంది. ప్రకృతిలో కూలినదానికి ఆ హామీ లేదు, కాడ్ చేప ముప్పై రెండేళ్లకు ఏపాటి తేరుకుందో చూశాం. వందేళ్ల అడవికి మరో వందేళ్లు కావాలి.

ఇప్పటిదాకా జరిగిన మంచి పనుల్ని తక్కువ చేయను. వాతావరణ ముప్పును కంపెనీలు ఎలా వెల్లడించాలో టీసీఎఫ్‌డీ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2017లో సూచించింది. ప్రకృతి విషయంలో టీఎన్‌ఎఫ్‌డీ అనే మరో బృందం 2023 సెప్టెంబరులో అదే పని చేసింది. 2017 డిసెంబరులో ఎనిమిది కేంద్ర బ్యాంకులు, నియంత్రణ సంస్థలతో మొదలైన ఎన్‌జీఎఫ్‌ఎస్ కూటమిలో ఇప్పుడు 140కి పైగా సభ్యులున్నారు. ప్రకృతి నాశనం కూడా ఆర్థిక స్థిరత్వానికి ముప్పేనని ఆ కూటమి 2022లో ఒప్పుకుంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ వెల్లడించడంతోనే మార్పు వస్తుందన్న నమ్మకం నాకు పోయింది. అంతా స్వచ్ఛందం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో 130 లక్షల కోట్ల డాలర్ల ఆస్తులున్న సంస్థలు నికర శూన్య ఉద్గారాలకు (గాలిలోకి వదిలినంత కర్బనాన్ని తిరిగి తీసేయడానికి) మాట ఇచ్చాయని ఘనంగా ప్రకటించారు. ఆ వరుసలోని బీమా సంస్థల కూటమి 2024లో రద్దయింది. రాజకీయ గాలి మారగానే పెద్ద అమెరికన్ బ్యాంకులు ఒకదాని వెనుక ఒకటి అదే వరుసలోని బ్యాంకుల కూటమి నుంచి వెళ్లిపోయాయి. 2025 అక్టోబరులో ఆ కూటమీ మూతపడింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2025 జనవరిలో ఎన్‌జీఎఫ్‌ఎస్ నుంచి బయటికి వచ్చేసింది. ఇష్టమైతే ఇచ్చే మాటను ఇష్టం లేనప్పుడు వెనక్కి తీసుకుంటారు.

ఇంకో బాధ కూడా ఉంది. ముప్పును సరిగ్గా లెక్కగట్టి, సరిగ్గా ధర పెడితే అంతా సర్దుకుంటుందని చదువుకున్నవాళ్లు తరచూ అంటారు. సరైన ధర ఎవరి మీద పడుతుందో చూడాలి కదా. 2017లో మరియా తుఫాను ఒక్క రాత్రిలో డొమినికా అనే చిన్న ద్వీపదేశానికి దాని వార్షిక జీడీపీకి రెండింతలకు మించి నష్టం తెచ్చింది. భూమిని వేడెక్కించడంలో ఆ దేశం వాటా లెక్కలోకి రానంత చిన్నది. అయినా, ముప్పు ఎక్కువ కాబట్టి అలాంటి దేశాలకు వడ్డీ ఎక్కువ. పేద దేశాలు కట్టే ప్రతి 10 డాలర్ల వడ్డీకి, వాతావరణ ముప్పు కారణంగా మరో డాలరు అదనంగా కడుతున్నాయని లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్, సోయాస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో లెక్కతేల్చారు. ఆ అదనపు డాలరు కరకట్టకో, మడ అడవికో పెట్టాల్సిన డబ్బే. రక్షణ తగ్గుతుంది, ముప్పు పెరుగుతుంది, వడ్డీ మళ్లీ పెరుగుతుంది. ధర నిజాయితీగానే ఉంది. కానీ అది మునుగుతున్నవాళ్లనే ఇంకా కిందికి తోస్తోంది.

ఆశ కలిగించినవి నాకు కొన్ని ఉన్నాయి. మెక్సికోలో కింతానా రో రాష్ట్రం తన తీరంలోని పగడపు దిబ్బకు బీమా చేయించింది. ఆరోగ్యంగా ఉన్న దిబ్బ అలల శక్తిలో 97 శాతం దాకా విరిచేస్తుంది. అంటే తీరంలోని ప్రతి భవనానికీ అది గోడ. 2020 అక్టోబరులో డెల్టా తుఫాను వచ్చాక దాదాపు 8 లక్షల డాలర్ల పరిహారం అందింది. ముందే శిక్షణ పొందిన స్థానికులు నీళ్లలో దిగి విరిగిన పగడాలను ఏరి తిరిగి అతికించారు. మొత్తం చిన్నదే. అయినా ఆ పాలసీలో వాతావరణం, ప్రకృతి, డబ్బు మొదటిసారి ఒకే కాగితం మీదికి వచ్చాయి. గ్రెనడా అనే చిన్న ద్వీపదేశం తన బాండ్లలో, తుఫాను వస్తే వాయిదాలు ఆపుకోవచ్చన్న షరతు 2015లోనే రాయించుకుంది. 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు దాన్ని వాడుకుంది. అప్పు రాసేటప్పుడే విపత్తును తలుచుకున్న కాగితం అది.

జమైకా అనుభవం మాత్రం నన్ను రెండు వైపులకూ లాగుతుంది. ప్రపంచ బ్యాంకు ద్వారా తీసుకున్న 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు (రాసుకున్న స్థాయి తుఫాను వస్తే డబ్బిచ్చే ఒప్పందం) బెరిల్ తుఫానుకు ఒక్క డాలరూ ఇవ్వలేదు. ఒప్పందంలో రాసుకున్నంత తక్కువకు గాలి ఒత్తిడి పడిపోలేదన్నది కారణం. 2025 అక్టోబరులో అంతకన్నా భయంకరమైన మెలిస్సా వచ్చినప్పుడు మొత్తం 15 కోట్లూ అందాయి. ఆ తుఫాను చేసిన నష్టం మాత్రం దాదాపు 880 కోట్ల డాలర్లని అంచనా. సాధనం పనిచేసింది, కానీ గాయం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

అందుకే కొత్త కొత్త బాండ్ల గురించి విన్నప్పుడు నేను ముందు ఇంకో సంఖ్య గుర్తుచేసుకుంటాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2023 నివేదిక ప్రకారం ప్రకృతిని కాపాడే పనులకు ఏటా దాదాపు 20,000 కోట్ల డాలర్లు వెళుతుంటే, దాన్ని నేరుగా దెబ్బతీసే పనులకు 7 లక్షల కోట్ల డాలర్లు వెళుతున్నాయి. ఒకటికి ముప్పై అయిదు. ఆ ఒకటిని రెండు చేయడానికి ఎన్ని సదస్సులు పెట్టినా, ఆ ముప్పై అయిదు జోలికి పోకపోతే ఫలితం ఉండదు. 2022 డిసెంబరులో జీవవైవిధ్యంపై కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో, ప్రకృతికి హాని చేసే సబ్సిడీలను 2030 కల్లా ఏటా కనీసం 50,000 కోట్ల డాలర్లు తగ్గిస్తామని దేశాలు రాసుకున్నాయి. గడువుకు మిగిలిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నేను కోరేది పెద్ద విప్లవం కాదు. బ్యాంకు ముప్పు లెక్క ప్రకారం 100 ఇస్తే, దాని వెనుక కనీసం 8 సొంత మూలధనంగా ఉంచాలని బ్యాంకుల అంతర్జాతీయ నిబంధన బాసెల్ చెబుతుంది. ముప్పు ఎక్కువైతే ఎక్కువ ఉంచాలి. ఆ ముప్పు లెక్కలో, పాత అడవి కొట్టే కంపెనీకీ కొట్టని కంపెనీకీ ఆ కారణంగా తేడా లేదు. ఆ తేడా తీసుకురావాలి. తన తాకట్టును తానే తినే అప్పు ఇవ్వాలనుకునే బ్యాంకు, దానికి రెట్టింపు మూలధనం సొంతంగా పెట్టుకోవాలి. నష్టం వస్తే ముందు తన వాటాదారుల డబ్బే పోవాలి. అలాగే ఇరవయ్యేళ్ల అప్పుకు ఏడాది బీమా చాలన్న అలవాటు మారాలి. ఇల్లు బలపరుచుకున్నా, ఎగువన అడవిని కాపాడుకున్నా ఆ మేరకు కొన్నేళ్ల పాటు బీమా కొనసాగుతుందన్న హామీ దొరకాలి. హామీ లేకపోతే ఎవరు మాత్రం ఎందుకు ఖర్చు పెడతారు?

బ్యాంకులు పర్యావరణ పోలీసులు కావని, అడవిని కాపాడటం ప్రభుత్వాల పని అని అంటారు. అందులో సగం నిజముంది. ప్రభుత్వం తన పని చేయాల్సిందే. కానీ బ్యాంకు మునిగితే డిపాజిట్లకు పూచీ పడేది ప్రజల ఏర్పాటే. 2008లో బ్యాంకులను నిలబెట్టింది పన్నుల డబ్బే. న్యూఫౌండ్‌లాండ్‌లో 190 కోట్లు ఇచ్చింది పన్ను కట్టేవాళ్లే. చివరి బిల్లు మనదైనప్పుడు, మొదటి అప్పు మీద షరతు పెట్టే హక్కు కూడా మనదే.

1992 నుంచి 2014 మధ్య ప్రపంచంలో మనిషి తలకు యంత్రాలు, రోడ్లు, భవనాల విలువ రెట్టింపైతే, తలకు ప్రకృతి సంపద దాదాపు 40 శాతం తగ్గిందని ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా 2021లో బ్రిటన్ ఆర్థిక శాఖకు ఇచ్చిన నివేదికలో చూపించారు. ఆ రెట్టింపులో నా ఇల్లూ ఉంది, నేను దాచుకున్న సొమ్మూ ఉంది. అందుకే దీన్ని ఎక్కడో దూరంగా జరిగే సంగతిలా రాయలేకపోతున్నాను.

నా జీతంలోంచి నెలనెలా కొంత పింఛను నిధికి పోతుంది. ఆ నిధిని చూసే సంస్థకు మూడు నెలల కిందట ఉత్తరం రాశాను. నా డబ్బులో అడవి కొట్టే కంపెనీలకు ఎంత పోతోంది, నీటికొరత ఉన్న చోట్ల నీళ్లు తోడే కంపెనీలకు ఎంత పోతోంది, మీ దగ్గర ఆ లెక్క ఉందా అని మూడు ప్రశ్నలు. పోయిన వారం జవాబొచ్చింది. మర్యాదగా రాశారు. కర్బన ఉద్గారాల తగ్గింపు మీద రెండు పేజీలు, ఒక పట్టిక. అడవి అన్న మాట గానీ, నీళ్లన్న మాట గానీ ఎక్కడా లేదు. మళ్లీ అవే మూడు ప్రశ్నలతో రెండో ఉత్తరం రాసి పెట్టాను. రేపు పంపుతాను.